సముద్రపు అడుగు మట్టి ఏ నేలది? పాఠకుల ప్రశ్నలు – జవాబులు

లోతు సముద్రపు అవక్షేపాల మూలాలను రసాయన పరీక్షలతో పట్టుకోవడం గురించి పాఠకులు చాలా ప్రశ్నలు పంపారు. వాటిలో ఎక్కువ మందికి పనికొచ్చేవి ఏరి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్ర: తీరానికి వేల కిలోమీటర్ల దూరంలో, 5 కిలోమీటర్ల లోతున మట్టి ఎక్కడి నుంచి వచ్చి చేరుతుంది? అది ఫలానా నేలదని రసాయన పరీక్షతో ఎలా చెబుతారు? – డిగ్రీ విద్యార్థి

జ: రకరకాల దారుల్లో వస్తుంది. నదులు తెచ్చిన ఒండ్రు ఖండం అంచున పోగుపడి, ఏ భూకంపానికో కదిలి, బురద ప్రవాహమై లోతుల్లోకి జారిపోతుంది. ఎడారి ధూళి, అగ్నిపర్వతాల బూడిద గాలిలో వచ్చి పడతాయి. ధ్రువాల వైపు తేలియాడే మంచుకొండలు కరిగి, తమలో ఇరుక్కున్న రాళ్లనూ ఇసుకనూ జారవిడుస్తాయి. అంతరిక్ష ధూళి కూడా కొంత ఉంటుంది. 1872–76 మధ్య సాగిన చాలెంజర్ యాత్ర తెచ్చిన మట్టిలో దాని సన్నటి గోళాలను జాన్ మర్రే, అల్ఫోన్స్ రెనార్డ్ 1891 నాటి తమ నివేదికలో వివరించారు.

వీటికి తోడు సముద్రం తానుగా తయారుచేసేవి ఉంటాయి: సూక్ష్మజీవుల సున్నపు గుల్లలు, సిలికా గుల్లలు, ఇనుము–మాంగనీస్ ఆక్సైడులు, బేరైటు (బేరియం సల్ఫేటు), చేపల పళ్లలోనూ ఎముకల్లోనూ ఉండే ఫాస్ఫేటు, సముద్రగర్భపు వేడి ఊటల దగ్గర పేరుకునే లోహాలు. ఈ రెండో జాబితాను ముందు బాగా గుర్తుపెట్టుకోండి. మూలం తప్పుగా తేలిన చాలా సందర్భాల్లో, సముద్రం కలిపినదాన్ని నేల నుంచి వచ్చినదిగా లెక్కకట్టడమే కారణం. పసిఫిక్ నడిమధ్యన ఎర్ర బంకమట్టి వెయ్యేళ్లకు మిల్లీమీటరు మందాన, కొన్నిచోట్ల అంతకంటే తక్కువగా పేరుకుంటుంది. అంటే ప్రతి రేణువూ పూడిపోయేలోగా వందల ఏళ్లు, వేల ఏళ్లు సముద్రపు నీటితో తాకుతూనే ఉంటుంది. ఆ నీటి గుర్తులు దానికి అంటకుండా పోవు.

ఇక ఆనవాళ్ల సంగతి. థోరియం, స్కాండియం, టైటానియం, అరుదైన మృత్తిక మూలకాలు (లాంథనం, సీరియం, నియోడిమియం వంటివి) నీటిలో సులువుగా కరగవు కాబట్టి రాయి నలిగి ధూళి అయినా దానిలోనే ఉండిపోతాయి. ఖండాల పైపొరలో థోరియం సగటున 10.5 పీపీఎం (పది లక్షల వంతుల్లో 10.5), స్కాండియం 14 పీపీఎం ఉంటాయి. నిష్పత్తి 0.75. సముద్రపు బసాల్ట్‌లో ఇదే నిష్పత్తి 0.1కి దిగువే. మట్టిలో 0.3 కనిపించిందంటే బసాల్టు తరహా బూడిద గట్టిగా కలిసిందని అనుమానించవచ్చు. అయితే అది అనుమానమే. దాన్ని ఖాయం చేయాలంటే ఐసోటోపులు (ఒకే మూలకంలో వేర్వేరు బరువులున్న పరమాణువులు) కావాలి.

ప్ర: కోర్ నమూనాలను (సముద్రపు అడుగున గొట్టం దింపి తీసిన మట్టిని) ఆరబెట్టి, పొడిచేసి విశ్లేషించాను. సోడియం విపరీతంగా వస్తోంది. శైథిల్య సూచిక (శిల నుంచి సోడియం, పొటాషియం, కాల్షియం ఎంత కొట్టుకుపోయాయో చెప్పే అంకె; సోడియం ఎక్కువైతే తగ్గుతుంది) 60 దగ్గరే ఆగుతోంది. మూలశిల అసలు శైథిల్యం చెందలేదని రాయవచ్చా? – ఎం.ఎస్సీ. విద్యార్థిని

జ: రాయవద్దు. మీరు చూస్తున్నది ఉప్పు కావచ్చు. లెక్క వేసి చూడండి. 100 గ్రాముల తడి మట్టిలో 60 గ్రాములు ఉప్పునీరు, 40 గ్రాములు రేణువులు అనుకుందాం. లోతు సముద్రపు పైపొర మట్టిలో ఇది మామూలే. నీటిలో 3.5 శాతం ఉప్పు అంటే 2.1 గ్రాములు. నీరు ఆరిపోయినా ఈ ఉప్పు ఎక్కడికీ పోదు. 42.1 గ్రాముల ఎండు పొడిలో 5 శాతం ఉప్పే. ఆ ఉప్పులోని సోడియం ఒక్కటే మీ నమూనాకు 1.5 శాతం కలుపుతుంది. అల్యూమినియం ఆక్సైడు 16, సోడియం ఆక్సైడు 1.2, పొటాషియం ఆక్సైడు 3, సిలికేటు ఖనిజాల కాల్షియం ఆక్సైడు 1 శాతం ఉన్న మట్టికి శైథిల్య సూచిక సుమారు 70 రావాలి. ఉప్పు తీయకపోతే అదే మట్టికి 60 వస్తుంది. మీ అంకె సరిగ్గా అక్కడే ఉంది.

సరిచేసుకోవడానికి రెండు దారులు. పొడిలో క్లోరైడు కొలిచి, దాన్ని 0.556తో గుణించి, వచ్చినంత సోడియం తీసేయండి. సముద్రపు నీటిలో సోడియం, క్లోరైడుల నిష్పత్తి అదే. లేదా ఆరబెట్టకముందే శుద్ధజలంతో రెండు మూడుసార్లు కడిగి సెంట్రిఫ్యూజ్ చేయండి. కడిగేటప్పుడు ఒకటి గమనించాలి. మొదటిసారి నీరు తేటగా విడిపోతుంది. ఉప్పు పోయేకొద్దీ బంకమట్టి రేణువులు ఒకదాన్నొకటి వదిలేసి నీటిలో తేలిపోతాయి, మూడోసారికి నీరు మసకబారుతుంది. ఆ మసక నీరే మీకు కావలసిన సన్నమట్టి, దాన్ని పారబోయకండి. వేగం పెంచి, ఎక్కువసేపు తిప్పి దించుకోండి. కాల్షియం విషయంలో కూడా సున్నపు గుల్లల కాల్షియం తీసేశాకే సూచిక లెక్కించాలి.

ప్ర: నేల నుంచి వచ్చిన భాగాన్ని మాత్రమే విడదీయడానికి రసాయనాలను ఏ వరుసలో వాడాలి? ఒక్కో ప్రయోగశాల ఒక్కో వరుస చెబుతోంది. – పరిశోధక విద్యార్థి

జ: యంత్రం దగ్గర జరిగే పొరపాట్లకంటే బీకరు దగ్గర జరిగేవే ఎక్కువ కాబట్టి దీనికి కాస్త వివరంగానే చెబుతాం. ఒక గ్రాము ఎండు మట్టికి ఈ కొలతలు.

ముందుగా, నూరవద్దు. నూరితే ఖనిజాలు విరిగి కొత్త ముఖాలు బయటపడతాయి. తరువాత వేసే బలహీన ఆమ్లం కూడా వాటిని కొరికేస్తుంది. 40 నుంచి 60 డిగ్రీల్లో ఆరబెట్టి, గడ్డలు వేళ్లతో చిదిపితే చాలు. నూరడం అన్నీ అయ్యాక, అగేట్ రోలులో.

సున్నపు భాగానికి ఎసిటిక్ ఆమ్లాన్ని సోడియం ఎసిటేటుతో పీహెచ్ 5 దగ్గర నిలిపి వాడండి. ఒక గ్రాము కాల్షియం కార్బనేట్ కరగడానికి 1.2 గ్రాముల ఎసిటిక్ ఆమ్లం పడుతుంది. కనీసం దానికి రెట్టింపు ఉండేలా చూసుకుని, గది ఉష్ణోగ్రతలో రాత్రంతా ఉంచండి. గ్రాము కార్బనేట్ నుంచి పావు లీటరు దాకా కార్బన్ డయాక్సైడు వస్తుంది కాబట్టి మూత బిగించకూడదు. బుడగలు ఆగాక ద్రవం తీసి, కొత్త ఆమ్లం పోసి మళ్లీ చూడండి. బుడగ లేస్తే పని ఇంకా మిగిలే ఉంది. రెండు శాతం కార్బనేట్ మిగిలితే ఏమవుతుందని తేలిగ్గా తీసుకోవద్దు. గుల్లల్లో స్ట్రాన్షియం 1300 పీపీఎం దాకా ఉంటుంది. నేల మట్టిలో 130 మాత్రమే, అందులోని స్ట్రాన్షియం ఐసోటోప్ నిష్పత్తి (87/86) 0.730 అనుకోండి. సముద్రపు 0.7092 గల రెండు శాతం కార్బనేట్ కలిస్తే మీ యంత్రం 0.7265 చూపిస్తుంది. మూలాల పటంలో అది మరో ప్రాంతం.

తరువాత ఇనుము–మాంగనీస్ పూతలు. 25 శాతం ఎసిటిక్ ఆమ్లంలో 0.02 మోలార్ హైడ్రాక్సిలమిన్ హైడ్రోక్లోరైడు, 20 నుంచి 30 మిల్లీలీటర్లు, 80–90 డిగ్రీల్లో ఆరు గంటలు, మధ్యమధ్య కదుపుతూ. గాఢత, సమయం పెంచితే శుభ్రత పెరుగుతుందనుకోవడం పొరపాటు. బంకమట్టి, అగ్నిపర్వత గాజు కరగడం మొదలవుతుంది. ఎంతవరకు తీశామో తెలుసుకునే పరీక్ష ఒకటుంది: తీసిన ద్రవంలో స్ట్రాన్షియం నిష్పత్తి కొలవండి. ఇటీవలి కాలపు మట్టికి అది 0.7092 దగ్గర ఉంటే పూత మాత్రమే కరిగింది. ఎటు జరిగినా ఖనిజం కూడా కరిగిందన్నమాట. అల్యూమినియం ఉన్నట్టుండి పెరిగినా అదే అర్థం.

సేంద్రియ పదార్థానికి హైడ్రోజన్ పెరాక్సైడు వాడేవారు దాన్ని ఆక్సైడులు తీసిన తరువాతే వాడాలి. మాంగనీస్ ఆక్సైడు పెరాక్సైడును ఒక్కసారిగా విడగొడుతుంది, నురగ పొంగి నమూనా గొట్టం బయటికి వచ్చేస్తుంది. ఎర్ర బంకమట్టిలో సేంద్రియ కార్బన్ ఎలాగూ చాలా తక్కువ, ఈ మెట్టే అక్కర్లేదు.

సిలికా గుల్లలకు 2 మోలార్ సోడియం కార్బనేట్, 85 డిగ్రీల్లో ఐదు గంటలు అని పద్ధతి ఉంది. మా సలహా: మీ ప్రశ్న నియోడిమియం గురించైతే ఇది మానేయండి. ఆ గుల్లల్లో నియోడిమియం అతి తక్కువ, మట్టిని పలుచన చేస్తాయంతే. ఈ క్షారం మాత్రం అగ్నిపర్వత గాజును కూడా కరిగిస్తుంది. బూడిద వాటా వెతుకుతూ బూడిదనే పోగొట్టుకుంటారు.

ఏ మెట్టులో తీసిన ద్రవాన్నీ పారబోయకుండా సీసాల్లో దాచండి. చివర్లో అంకెలు పొసగనప్పుడు దేన్ని అడగాలన్నా అవి ఉండాలి.

ప్ర: హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో కరిగించి ఐసీపీ-ఎంఎస్‌లో (ప్లాస్మాలో అయాన్లుగా మార్చి, ద్రవ్యరాశిని బట్టి మూలకాలను కొలిచే యంత్రంలో) కొలిచాను. జిర్కోనియం ప్రామాణిక విలువకంటే బాగా తక్కువ వచ్చింది. యూరోపియం మాత్రం ఎక్కువగా ఉంది. మూలం ఫెల్డ్‌స్పార్ అధికంగా ఉన్న శిల అనుకోవచ్చా? – ప్రయోగశాల సహాయకుడు

జ: రెండింటికీ శిలతో సంబంధం లేకపోవచ్చు.

జిర్కాన్ ఖనిజం మామూలు టెఫ్లాన్ గిన్నెలో 150 డిగ్రీల దగ్గర రెండ్రోజులు ఉంచినా పూర్తిగా కరగదు. జిర్కోనియంతోపాటు హాఫ్నియం, కొంత ఇటర్బియం, లుటీషియం కూడా తగ్గి ఉంటే కారణం అదే. అధిక పీడన పాత్ర వాడండి, లేదా లిథియం మెటాబోరేట్‌తో 1000 డిగ్రీల పైన కరిగించండి. నియోడిమియం ఐసోటోపులకు జిర్కాన్ లోటు పెద్ద లెక్కలోది కాదు. హాఫ్నియం ఐసోటోపులకైతే ఫలితం మొత్తం మారిపోతుంది.

యూరోపియం విషయంలో బేరియం కొలవండి. ప్లాస్మాలో బేరియం కొంత ఆక్సిజన్‌తో కలిసి, 151, 153 ద్రవ్యరాశుల దగ్గర యూరోపియంలా కనబడుతుంది. నమూనాలో బేరియం 5000 పీపీఎం ఉండి, అందులో వెయ్యో వంతు ఆక్సైడుగా మారినా చాలు, 153 దగ్గర దాదాపు 1.2, 151 దగ్గర 0.76 పీపీఎం బూటకపు యూరోపియం పుడుతుంది. అసలు యూరోపియమే ఒకటి రెండు పీపీఎం. రెండు ద్రవ్యరాశుల దగ్గర వేర్వేరు విలువలు రావడమే దీన్ని పట్టించే గుర్తు, అందుకే రెండూ కొలవాలి. సముద్రజీవులు ఎక్కువగా ఉండే జలాల కింద బేరైటు పేరుకుంటుంది కాబట్టి అక్కడి మట్టికి ఈ జాగ్రత్త మరీ అవసరం. శుద్ధ బేరియం ద్రావణాన్ని అదే రోజు, అదే యంత్రంలో నడిపి సవరణ గుణకం తీసుకోండి. బేరియం మరీ ఎక్కువైతే అయాన్ మార్పిడి స్తంభంలో ముందే విడదీయడం మేలు.

ఆమ్లం ఆవిరయ్యాక తెల్లటి అవక్షేపం మిగిలితే అది ఫ్లోరైడు, అరుదైన మృత్తికలను పట్టి ఉంచుతుంది. గాఢ నైట్రిక్ ఆమ్లం పోసి ఆవిరి చేయడం రెండు మూడుసార్లు చేస్తే లొంగుతుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో పనిచేసే బల్లమీద కాల్షియం గ్లూకొనేట్ జెల్ (ఆ ఆమ్లపు కాలిన గాయాలకు మందు) చేతికందే దూరంలో లేకుండా సీసా మూత తీయకండి.

ప్ర: నా నమూనా ఎప్సిలాన్ నియోడిమియం మైనస్ 5. ఆ ప్రాంతపు బూడిద ప్లస్ 5, గాలి ధూళి మైనస్ 10. అంటే బూడిద మూడో వంతు అని రాయవచ్చు కదా? – పరిశోధక విద్యార్థిని

జ: మూడో వంతు సరే, కానీ దేనిలో మూడో వంతు? నియోడిమియంలో. మట్టిలో కాదు.

ఈ అంకె ఎక్కడిదో మిగతా పాఠకుల కోసం చెప్పుకుందాం. సమారియం-147 క్షయం చెంది నియోడిమియం-143 అవుతుంది. అర్ధాయువు 10,600 కోట్ల ఏళ్లు. శిల వయసు, పుట్టుకను బట్టి నియోడిమియం 143/144 నిష్పత్తి మారుతుంది. ఉల్కల సగటు 0.512638తో పోల్చి పదివేలలో ఎన్ని వంతుల తేడా అన్నదే ఎప్సిలాన్. నడిసముద్రపు కొండవరుసల కొత్త బసాల్టు ప్లస్ 10 దగ్గర, ఆసియా ఎడారుల ధూళి మైనస్ 10 దగ్గర ఉంటాయి. హడ్సన్ అఖాతం చుట్టుపక్కల అతి పురాతన శిలలు మైనస్ 25, ఇంకా కిందికి. ఉత్తర అట్లాంటిక్‌లో మంచుయుగపు హైన్‌రిచ్ పొరలను (మంచుకొండలు జారవిడిచిన ముతక రేణువుల పొరలను) ఆ ప్రాంతపు మంచు తెచ్చిందని నిర్ధారించడంలో ఈ తేడా ఎంతో ఉపయోగపడింది.

ఇప్పుడు మీ లెక్క. బూడిదలో నియోడిమియం 12 పీపీఎం, ధూళిలో 30 పీపీఎం అనుకుందాం. బూడిద బరువు వాటా 'బ' అయితే, బూడిద ఇచ్చిన నియోడిమియం 12బ, ధూళి ఇచ్చినది 30(1 – బ). మొత్తంలో మొదటిది మూడో వంతు కావాలి. విడదీస్తే బ = 0.56. అంటే మట్టిలో సగానికి పైగా బూడిదే. మీరు 33 శాతం అని రాసేవారు. ధూళిలో ఒక్కో గ్రాముకు నియోడిమియం ఎక్కువ కాబట్టి తక్కువ ధూళితోనే సంఖ్యను తన వైపు లాగుతుంది. గాఢతలు కొలవకుండా ఐసోటోపులు ఒక్కటే కొలిచిన మిశ్రమ లెక్కకు విలువ లేదు.

ఇంకొకటి. మీది ఎర్ర బంకమట్టి అయితే చేపపళ్ల ఫాస్ఫేటు ఉందేమో చూడండి. అది సముద్రపు నీటి నుంచి అరుదైన మృత్తికలను భారీగా పీల్చుకుంటుంది. పసిఫిక్‌లో ఈ మూలకాలు పుష్కలంగా ఉన్న బురదను జపాన్ శాస్త్రవేత్తలు 2011లో ప్రకటించారు. అక్కడ వాటిని పట్టి ఉంచేది ప్రధానంగా ఈ ఫాస్ఫేటే. అలాంటి మట్టిని మొత్తంగా కరిగిస్తే మీకు వచ్చే ఎప్సిలాన్ అడుగు నీటిది, ధూళిది కాదు. భాస్వరం, కాల్షియం రెండూ కలిసి పెరగడం, మిగతా అరుదైన మృత్తికలతో పోలిస్తే సీరియం లోటు కనిపించడం దీని గుర్తులు. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో తీయవచ్చు, కానీ అది క్లోరైటు, ఇనుము ఉన్న స్మెక్టైటు అనే బంకమట్టి ఖనిజాలను కూడా తింటుంది. అందుకని నమూనాను రెండుగా పంచి, ఒక భాగానికి తీసి, మరొకదానికి తీయకుండా, రెండూ కొలవండి. తేడా ఎంతో తెలియకుండా సవరణ చేయడంకంటే తేడాను పాఠకుడి ముందు పెట్టడం నిజాయితీ.

ప్ర: నియోడిమియం ఒక మూలం చెబుతుంటే స్ట్రాన్షియం మరోటి చెబుతోంది. ఏది నమ్మాలి? – ఉపాధ్యాయుడు

జ: ముందు రేణువుల పరిమాణం చూడండి. సన్నని మైకా, బంకమట్టి ఖనిజాల్లో రుబీడియం ఎక్కువ, స్ట్రాన్షియం తక్కువ. రుబీడియం కాలక్రమంలో స్ట్రాన్షియం-87గా మారుతుంది, దాంతో ఒకే శిల నుంచి వచ్చినా సన్నమట్టిలో స్ట్రాన్షియం నిష్పత్తి ముతకదానికంటే ఎక్కువగా ఉంటుంది. నియోడిమియంపై ఈ ప్రభావం చాలా స్వల్పం. ప్రవాహం బలం మారి ముతక రేణువులు పెరిగినా మూలం మారినట్టే స్ట్రాన్షియం కనిపిస్తుంది. రెండు మైక్రాన్లలోపు భాగాన్నీ, మిగతాదాన్నీ విడివిడిగా కొలిస్తే ఈ చిక్కు వీడుతుంది. 20 డిగ్రీల నీటిలో రెండు మైక్రాన్ల రేణువు 10 సెంటీమీటర్లు దిగడానికి దాదాపు 8 గంటలు పడుతుంది. ఆ సమయానికి పైనున్న 10 సెంటీమీటర్ల నీటిని కదపకుండా తీసుకోండి. ఒకసారితో సన్నభాగం మొత్తం రాదు, నీరు తేటపడే దాకా మళ్లీ మళ్లీ చేయాలి.

ప్ర: బంగాళాఖాతం అడుగున హిమాలయాల మట్టినీ దక్కన్ మట్టినీ వేరుచేసి చెప్పగలరా? – పాఠకుడు

జ: చెప్పగలం, కానీ ఒక్క కొలతతో కాదు. గంగా–బ్రహ్మపుత్రల ఒండ్రు పరుచుకున్న బెంగాల్ ఫ్యాన్ దాదాపు 3000 కిలోమీటర్ల పొడవు. 2015లో అంతర్జాతీయ సముద్ర తవ్వకాల 354వ యాత్ర 8 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఏడు చోట్ల దీన్ని తవ్వింది. హిమాలయ సిలికేట్ మట్టిలో మైకా, ఇల్లైటు అనే బంకమట్టి ఖనిజం ఎక్కువ, స్ట్రాన్షియం నిష్పత్తి 0.73 దాటిపోతుంది, ఎప్సిలాన్ మైనస్ 15 చుట్టూ తిరుగుతుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి దక్కన్ బసాల్టు నుంచి స్మెక్టైటు, టైటానియం, ఇనుము ఎక్కువగా వస్తాయి. స్ట్రాన్షియం నిష్పత్తి చాలా తక్కువ.

చిక్కు నియోడిమియంతోనే. దక్కన్ లావాల్లో కొన్ని పైకి వచ్చేటప్పుడు ఖండ శిలలను కలుపుకున్నాయి. అందువల్ల వాటి ఎప్సిలాన్ ప్లస్ విలువల నుంచి బాగా మైనస్ దాకా విస్తరించింది. పైగా గోదావరి దిగువన పారేది పురాతన నైస్ శిలల మీదుగా. వాటి ఎప్సిలాన్ కూడా లోతైన మైనసే. కాబట్టి మైనస్ 15 చూడగానే హిమాలయం అనేయకూడదు. స్మెక్టైటు వాటా, టైటానియం–అల్యూమినియం నిష్పత్తి, స్ట్రాన్షియం కూడా అదే మాట చెప్పాలి. ఇసుక పొరలు దొరికితే ఒక్కొక్క జిర్కాన్ రేణువు వయసు కట్టడం ఇంకా గట్టి సాక్ష్యం.

ప్ర: 30 మూలకాలు కొలిచి ఫ్యాక్టర్ విశ్లేషణ (కలిసి పెరిగి తగ్గే మూలకాలను గుంపులు చేసే గణాంక పద్ధతి) చేశాను. ఆరు మూలాలు వచ్చాయి. అన్నీ అల్యూమినియంతో భాగించాను. ఇది సరైనదేనా? – పరిశోధక విద్యార్థి

జ: అన్నిటినీ ఒకే అంకెతో భాగిస్తే, ఆ అంకె హెచ్చుతగ్గులు అన్నిటిలోకీ పాకుతాయి. లేని పొత్తులు ఉన్నట్టు కనబడతాయి. ముందు భాగించకుండా గాఢతల మధ్య సంబంధం చూడండి, అది నిలిస్తేనే నిష్పత్తికి వెళ్లండి. నేల మట్టి చాలా తక్కువగా ఉండి సిలికా గుల్లలే ఎక్కువున్న చోట, నీటి నుంచి గుల్లలకు అంటిన అల్యూమినియం కూడా లెక్కలోకి వస్తుంది. అక్కడ టైటానియంతో భాగించడం మెరుగు.

30 కొలిచినంత మాత్రాన 30 సాక్ష్యాలు కావు. అరుదైన మృత్తికలు పద్నాలుగూ ఒకే గొంతుతో మాట్లాడతాయి. వాటిలో రెండు మూడు ఉంచి మిగతావి తీసేయండి. నీటితో, జీవులతో కదిలే కాల్షియం, బేరియం, మాంగనీస్ పక్కన పెట్టి, అల్యూమినియం, టైటానియం, స్కాండియం, థోరియం, లాంథనం, నియోబియం వంటివాటితో మళ్లీ నడపండి. ఇప్పుడు ఎన్ని మూలాలు మిగులుతాయో చూడండి. సాధారణంగా మూడు లేదా నాలుగు. తరువాత ఆ ప్రాంతానికి నిజంగా చేరగల ధూళి, బూడిద నమూనాల సంఘటనాలు పెట్టి, వాటాలు సున్నాకు తగ్గకుండా, మొత్తం ఒకటి అయ్యేలా కనిష్ఠ వర్గాల పద్ధతిలో (తేడాల వర్గాల మొత్తం అతి తక్కువ అయ్యేలా) సరిపోల్చండి. ఒక మూలాన్ని తీసేసి మళ్లీ సరిపోల్చినా మిగులు దోషం కొలత దోషం దాటకపోతే, ఆ మూలం మీ మట్టిలో ఉందని రాయడానికి ఆధారం లేదు.